డాబా తోటకు లోహాల పరీక్ష: మిషన్ మంచిదే, రిపోర్టే చదవడం రావాలి

మిద్దెతోట అనండి, మన వైపు మాటలో డాబా మీద మొక్కలనండి, నాలుగు కుండీల్లో ఆకుకూర వేసుకున్న ప్రతివాళ్లకీ విశాఖలో ఒక అనుమానం ఉంటుంది. ఫ్యాక్టరీల ఊరు కదా, ఈ తోటకూరలో సీసం ఎంత, కాడ్మియం ఎంత అని. ఆ అనుమానాన్ని పట్టుకుని నగరంలో ఒక ప్రైవేటు ల్యాబు ‘మట్టి, ఆకు, నీరు’ అని ఒక ప్యాకేజీ అమ్ముతోంది. మూడు నమూనాలకు కలిపి 4,200 రూపాయలు, గడువు పది పనిదినాలు. ల్యాబు పేరు ఇక్కడ రాయడం లేదు. కింద చెప్పే లోపాల్లో చాలావరకు ఈ రకం రిపోర్టు ఇచ్చే ఏ ల్యాబులోనైనా ఎదురయ్యేవే.

ముందే ఒక మాట. వీళ్ల మిషన్ మీద అనుమానం అక్కర్లేదు. లోహాలను కొలిచే ఈ ఐసీపీ మిషన్ సరిగ్గా నడిపితే కాడ్మియాన్ని కూడా చాలా సన్నని మోతాదులో పట్టుకుంటుంది. తప్పులు మిషన్‌కు ముందు జరుగుతాయి, బకెట్లో, కవర్లో. లేదా మిషన్ తర్వాత జరుగుతాయి, రిపోర్టులో ‘పరిమితి’ అనే గడిలో.

బుక్ చేశాక ఇంటికి ఒక పెట్టె వస్తుంది. ప్లాస్టిక్ గరిటె, రెండు జిప్ కవర్లు, ఖాళీ సీసా, అర పేజీ సూచనలు. గరిటె ప్లాస్టిక్‌ది ఇవ్వడం తెలిసినవాళ్లు చేసిన పని. సూచనల్లో మాత్రం ‘బకెట్లో బాగా కలపండి’ అని ఊరుకున్నారు. ఏ బకెట్టు? మట్టిపనికి ఇంట్లో మూలన పడి ఉండేది చాలాసార్లు పాత జీఐ బకెట్టే. దాని మీద పూత జింకే. తడి ఎర్రమన్ను అందులో వేసి గీకి కలిపితే బకెట్టు జింకు కూడా నమూనాలోకి వచ్చేస్తుంది. మొక్కకు అందే జింకులో లోపానికి గీత గీసేది కిలోకు 0.6 మిల్లీగ్రాముల దగ్గర. అంత సన్నని గీత దగ్గర బకెట్టు గీకుడు చాలు, లోపమున్న మట్టి కాస్తా ‘సరిపడా ఉంది’ అన్న వరసలోకి పోతుంది. ఎరువు సంచుల్లో మట్టి ఆరబెట్టడం, ఇత్తడి గిన్నెలో కలపడం కూడా ఇదే తంతు.

కుండీ నుంచి మట్టి తీయడం పొలంలో తీసినట్టు కాదు. పైన పరిచిన ఎండాకులు పక్కకు జరిపి, మొక్క మొదలుకీ కుండీ అంచుకీ మధ్యలో, పైనుంచి ఆరంగుళాల లోతు దాకా నిలువుగా ఒక ముక్క తీయాలి. పది కుండీలుంటే పదింటి నుంచీ సమానంగా. నీడన ఆరబెట్టి, గడ్డలు చేత్తోనే చిదిపి, శుభ్రమైన ప్లాస్టిక్ షీటు మీద నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండు భాగాలు తీసేస్తూ అర కిలోకు తేవాలి. గెత్తం గానీ, వర్మీకంపోస్టు గానీ వేసి నెల కాలేదంటే ఆగడం మేలు. సీసం కోసమే అయితే పై అంగుళం మట్టిని వేరే కవర్లో పెట్టాలి. సీసం మట్టిలో కిందికి దిగదు, పడినచోటే పై పొరలో పట్టుకుని ఉంటుంది. మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు అమ్మకం 2000 నాటికే ఆగింది గానీ, రోడ్డు పక్క మట్టిలో అప్పటి సీసం ఇప్పటికీ ఉండటానికి కారణం ఇదే. పిల్లల చేతికీ, అక్కణ్నుంచి నోటికీ వెళ్లేది కూడా ఆ పై అంగుళమే.

ఇంకో చోటు ఎవరూ చూడనిది: పిట్టగోడ, గేటు, పాత ఇనప మెట్లు. ఇంటి రంగుల్లో సీసానికి 90 పీపీఎం (కిలోకు 90 మిల్లీగ్రాములు) పరిమితి అమల్లోకి వచ్చింది 2017 నవంబరులో. అంతకుముందు వేసిన ఎనామిల్ పెచ్చులుగా రాలి కుండీల్లో పడుతుంటే, దూరంగా కనిపించే పొగగొట్టాన్ని తిట్టుకుని లాభం లేదు. నమూనాలో ఒక్క రంగు పెచ్చు పడితే చాలు, రిపోర్టులో సీసం ఎక్కడికో వెళ్లిపోతుంది.

ఇక రిపోర్టు. మట్టి పేజీలో ‘జింకు’ అని రెండు చోట్ల ఉంటుంది. ఒక చోట 68, ఇంకో చోట 1.1. రెండింటికీ కొలత కిలోకు మిల్లీగ్రాములే. ఇందులో ఏది నిజం అని ఫోన్ చేసేవాళ్లను ఏమీ అనలేం, రిపోర్టే అలా ఉంది. రెండూ నిజమే. 68 బీరువాలో ఉన్నది, 1.1 జేబులో ఉన్నది. మొదటిది మట్టిని గాఢమైన నైట్రిక్, హైడ్రోక్లోరిక్ ఆమ్లాల్లో ఉడికించి తీసిన మొత్తం జింకు. రెండోది డీటీపీఏ అనే రసాయనంతో తీసే పద్ధతి. 10 గ్రాముల మట్టికి 20 మిల్లీలీటర్ల ద్రావణం పోసి, సరిగ్గా రెండు గంటలు ఊపి, వడగట్టి కొలిచేది. 1978లో లిండ్సే, నార్వెల్ అనే శాస్త్రవేత్తలు స్థిరపరిచిన ఈ పద్ధతి మొక్క వేరుకు దాదాపుగా ఎంత అందుతుందో చెబుతుంది. ఎరువు వేయాలా వద్దా అన్నది రెండో అంకెను చూసి తేల్చాలి. మట్టికి బయటి నుంచి ఏమైనా చేరిందా అన్నదానికి మొదటిది. ఇదే డీటీపీఏ లెక్కలో ఇనుముకు లోపం గీత 4.5, మాంగనీసుకు 2, రాగికి 0.2.

బీరువా తాళంచెవి పీహెచ్ దగ్గర, అంటే మట్టి ఆమ్లమో క్షారమో చెప్పే అంకె దగ్గర ఉంటుంది. మట్టి పీహెచ్ 5.5 దగ్గరుంటే జింకు, మాంగనీసు, కాడ్మియం వదులవుతాయి. సున్నం వేసి 6.5 దాటిస్తే అవి మట్టి రేణువులకు అతుక్కుంటాయి, వేరుకు తక్కువ అందుతాయి. ఆర్సెనిక్, మాలిబ్డినం దీనికి తలకిందులు, పీహెచ్ పెరిగితే అవే వదులవుతాయి. కాబట్టి ‘లోహాలున్నాయి, సున్నం కొట్టండి’ అని అందరికీ ఒకే మందు రాయడం కుదరదు. సున్నం ఎక్కువైతే మరో తంటా: లేత ఆకులు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. అది ఇనుము అందడం లేదన్న గుర్తు. అప్పుడు మట్టిలో ఇనుము లేక కాదు. ఎర్రమన్నుకు ఆ ఎరుపు ఇచ్చిందే ఇనుము.

ఇప్పుడు అసలు ఫిర్యాదు. మొత్తం లోహాల పక్కన ‘పరిమితి’ అని ఒక గడి ఉంది. సీసం 100, కాడ్మియం 5, నికెల్ 50, క్రోమియం 50, జింకు 1000. ఈ అంకెలు ఎక్కడివో చూసీ చూడగానే తెలిసిపోతుంది. ఎరువుల నియంత్రణ ఉత్తర్వులో సిటీ కంపోస్టుకు పెట్టిన గరిష్ఠ పరిమితులవి. కంపోస్టు మట్టిలో కొద్దిగా కలిపేది. మట్టికి ఆ గీత పెట్టి తీర్పు చెప్పడం తప్పు, అదీ రెండువైపులా తప్పు. మామూలు పొలం మట్టిలో కాడ్మియం కిలోకు ఒక మిల్లీగ్రాము లోపే ఉంటుంది. నాలుగు ఉన్న మట్టికి ఈ రిపోర్టు ‘పరిమితి లోపల’ అని పచ్చ రంగు వేస్తుంది, ఆ మట్టిలో పాలకూర వేయడం ఎవరూ సలహా ఇవ్వని పని. ఇంకోవైపు క్రోమియం 60 ఉంటే ఎర్ర రంగు వేస్తుంది. రాతి నుంచి సహజంగా మట్టికి వచ్చే క్రోమియం అంత ఉండటం వింతేమీ కాదు. పైగా అది మూడు వేలెన్సీ రూపంలో రాయిలాగే కదలకుండా ఉంటుంది, వేరు దాన్ని పెద్దగా తీసుకోదు. ఆ ఎర్ర రంగు చూసి కుండీలన్నీ పారబోసుకున్నవాళ్లుంటే ఆ పాపం ఆ గడిదే.

కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) వాడేవాళ్లకు ఇంకో మెలిక. రిపోర్టు లెక్క కిలోకు. 20 లీటర్ల గ్రోబ్యాగులో ఎర్రమన్ను నింపితే ఆరిన బరువు పాతిక కిలోల పైన ఉంటుంది. కోకోపీట్, కంపోస్టు మిశ్రమమైతే ఏడెనిమిది కిలోలకు మించదు. రెండింటికీ జింకు 1.0 అనే వచ్చినా మొదటి సంచిలో మొక్కకు పాతిక మిల్లీగ్రాములున్నాయి, రెండోదాంట్లో ఏడో ఎనిమిదో. మిశ్రమం పంపేటప్పుడు లీటరు బరువెంతో కవరు మీద రాయాలి. ఈ ల్యాబు అడగదు.

ఆకు పరీక్షే ఈ ప్యాకేజీలో అసలు సరుకు, గందరగోళం ఎక్కువా అక్కడే. ఒక ఉదాహరణ. తోటకూర, కాడ్మియం, కిలోకు 1.4 మిల్లీగ్రాములు. పక్కన పరిమితి 0.2. చూడగానే ఏడింతలు! గుండె జారుతుంది. కానీ 1.4 ఎండిన ఆకు లెక్క, 0.2 పచ్చి ఆకు లెక్క. ఆకుకూరలకు అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ పెట్టిన పరిమితులు, కాడ్మియం 0.2, సీసం 0.3, రెండూ కోసినప్పటి పచ్చి ఆకు మీదే. మార్చాలంటే ఆకులో తేమ ఎంతో తెలియాలి. తేమ 85 శాతమైతే కిలో ఆకులో ఎండు పదార్థం 150 గ్రాములు, కాబట్టి 1.4ను 0.15తో గుణిస్తే 0.21. గీత మీద కాలు పడింది. అదే ఆకులో తేమ 92 శాతమైతే 0.11, దాదాపు సగానికి సగం లోపల. పాలకూరలో నీళ్లు ఎక్కువ, తోటకూరలో కాస్త తక్కువ. ఒకే అంకె ఒక కూరను నెగ్గిస్తుంది, ఇంకోదాన్ని ఓడిస్తుంది. తేమ శాతం మాత్రం ఈ రిపోర్టులో ఎక్కడా లేదు.

తేమను ల్యాబు కొలిచినా, కొరియర్లో ఒక రోజంతా వాడిన ఆకు మీద కొలిస్తే అది కోసినప్పటి లెక్క కాదు. కోసిన వెంటనే వంటింటి డిజిటల్ తూకం మీద తూచి, ‘కోసినప్పుడు 250 గ్రాములు’ అని కవరు మీద రాసి పంపాలి. ల్యాబులో ఆరబెట్టాక మిగిలిన బరువును దాంతో భాగిస్తే సరి.

రెండో మెలిక కడగడం. నమూనాను కడిగి పరీక్షించారా, వచ్చింది వచ్చినట్టే వేశారా అన్నది రిపోర్టు చెప్పదు. పోర్టు వైపు, పెద్ద రోడ్ల పక్క మేడల మీద ఆకును వేలితో రాస్తే నల్లగా అంటుకునే చోట్లున్నాయి. అక్కడ ఈ ఒక్క విషయమే ఫలితాన్ని మార్చేస్తుంది. సీసం వేరు దాటి ఆకులోకి ఎక్కడం కష్టం, చాలావరకు వేరు గోడల్లోనే ఆగిపోతుంది. కాబట్టి ఆకులో సీసం కనిపిస్తే మొదటి అనుమానం దుమ్ము మీద. కాడ్మియం అలా కాదు. జింకు, ఇనుము ఎక్కే దారుల్లోనే దొంగటికెట్టు మీద ఎక్కేస్తుంది, ఆకు లోపలికే చేరుతుంది, ఎంత కడిగినా పోదు. జింకు ఖనిజంలో కాడ్మియం సహజంగానే తోడుగా ఉంటుంది. ఒకప్పుడు జింకు స్మెల్టర్ (ఖనిజం నుంచి జింకు తీసే ఫ్యాక్టరీ) నడిచిన ఈ ఊళ్లో ఆ పరీక్ష అడగడం అతిజాగ్రత్త కాదు.

అందుకే ఆకు నమూనాను రెండుగా చేసి పంపాలి. ఒకటి అలాగే, రెండోది కుళాయి కింద మూడుసార్లు కడిగి, చివర్లో డిస్టిల్డ్ వాటర్‌తో తొలిచి. అదనంగా 1,600 అవుతుంది, ఈ ప్యాకేజీలో దండగ కాని ఖర్చు అదే. రెండింటి మధ్య సీసం బాగా పడిపోతే దుమ్ము, కడుక్కుని తినండి. కాడ్మియం కదలకుండా అలాగే ఉంటే వేరు నుంచి వచ్చింది, ఆ కుండీల్లో ఆకుకూర మాని బెండ, వంగ, ఆనప వేయండి. కాయల్లోకి అది ఆకుల్లోకన్నా తక్కువ వెళుతుంది. కడిగారో లేదో పాత రిపోర్టులోనే పట్టుకునే ఉపాయమూ ఉంది: ఇనుము చూడండి. శుభ్రమైన ఎండు ఆకులో ఇనుము సాధారణంగా కిలోకు యాభై నుంచి మూడు వందల మిల్లీగ్రాముల మధ్య ఉంటుంది. నాలుగు శాతం ఇనుమున్న ఎర్రమన్ను ఆకు ఎండు బరువులో ఒక్క శాతం అంటుకున్నా అదే 400 కలుపుతుంది. వెయ్యి దాటి కనిపిస్తే అక్కడ కొలిచింది ఆకును కాదు, మట్టిని.

రిపోర్టు చివర సిఫారసుల కాగితం కంప్యూటర్ దానంతటది రాసింది, అది దాచకుండా తెలుస్తూనే ఉంది. జింకు తక్కువుంటే ‘ఎకరాకు 20 కిలోల జింక్ సల్ఫేట్’. వరి పొలానికి అది సరైన మాటే. డాబా మీద ఎకరం ఎక్కడిది? లెక్క కడితే చదరపు మీటరుకు 5 గ్రాములు. గ్రోబ్యాగు మూతి వైశాల్యానికి అర గ్రాము కూడా పట్టదు. చెంచాడు వేస్తే పదింతలు వేసినట్టు. ఆకు మీద పిచికారీ అయితే లీటరు నీటికి 2 గ్రాములు, ఐదేసి రోజుల తేడాతో రెండు మూడుసార్లు. డీఏపీ లాంటి ఫాస్ఫేటు ఎరువు నీళ్లతో కలపకూడదు, జింకు ఫాస్ఫేటుగా తెల్లగా అడుక్కి దిగిపోతుంది. కొనేటప్పుడు సంచి మీద శాతం చూడాలి. హెప్టాహైడ్రేట్ అయితే 21, మోనోహైడ్రేట్ అయితే 33. మెగ్నీషియం సల్ఫేట్ కలిపి అమ్మడం పాత మోసం. కొద్దిగా డిస్టిల్డ్ వాటర్‌లో కరిగించి పలచని కాస్టిక్ సోడా ద్రావణం చుక్కలుగా వేస్తే తెల్లటి జెల్లీలాంటి మడ్డి వస్తుంది. గాఢమైన కాస్టిక్ ద్రావణం ఎక్కువగా కలిపితే జింకు మడ్డి కరిగిపోతుంది, మెగ్నీషియంది కరగదు. కాస్టిక్‌తో పని కాబట్టి చేతులకు గ్లౌజులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి.

నీటి పరీక్ష గురించి రెండు ముక్కలు. ఇచ్చిన సీసాలో ఆమ్లం లేదు. నైట్రిక్ ఆమ్లంతో పీహెచ్ 2 కిందికి తేకపోతే లోహాలు సీసా గోడలకే అతుక్కుని కొలతకు తక్కువ తేలతాయి. అదే రోజు ల్యాబులో ఇచ్చి, అప్పుడే ఆమ్లం వేయించండి, లేదంటే ఈ భాగం తీసేయించుకోండి.

అన్నిటికన్నా చిరాకు తెప్పించేది అదనంగా అంటగట్టే ‘శరీరంలో లోహాలు’ ప్యానెల్. జుట్టు పరీక్ష కూడా అందులోనే. జుట్టు వద్దు. షాంపూ, రంగు, దుమ్ము అన్నీ జుట్టు మీదే ఉంటాయి, లోపలిదీ బయటిదీ విడదీయడం అయ్యే పని కాదు. రక్తంలో జింకు కూడా మామూలు గొట్టంలో తీస్తే రబ్బరు మూత నుంచే జింకు దిగుతుంది. ట్రేస్ ఎలిమెంట్ల (అతి కొద్ది మోతాదులో ఉండే మూలకాల) కోసం తయారైన ముదురు నీలం మూత గొట్టమే కావాలి, రక్తకణాలు పగిలితే ఫలితం అబద్ధం. సీసానికి రక్తపరీక్ష మంచిదే, కాకపోతే అది దాదాపు గత నెలా రెండు నెలల లెక్క. పాత సీసం ఎముకల్లో ఏళ్ల తరబడి దాక్కుని ఉంటుంది. డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు, ఆ పైన ఉంటే ఎక్కణ్నుంచి వస్తోందో వెతకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. కాడ్మియం రక్తంలో ఇటీవలిది చూపిస్తుంది, మూత్రంలో ఏళ్లుగా మూత్రపిండంలో పోగైనదాన్ని చూపిస్తుంది. ఒకసారి అక్కడ చేరితే దానిలో సగం పోవడానికే పదేళ్ల పైన పడుతుంది.

ప్యానెల్ కొనే డబ్బులో కొద్దిపాటితో హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ చూపే పరీక్ష) చేయించుకోవడం చాలా ఇళ్లకు ఎక్కువ ఉపయోగం. ఒంట్లో ఇనుము తగ్గినప్పుడు పేగు గోడ ఇనుము కోసం తలుపులు ఇంకాస్త తెరుస్తుంది, కాడ్మియం, సీసం కూడా ఆ తలుపులోంచే దూరుతాయి. ఒకే తోటకూర తిన్న ఇద్దరిలో రక్తహీనత ఉన్న ఆడమనిషికి ఎక్కువ చేరడం ఇందుకే. చిన్నపిల్లల పేగు మింగిన సీసంలో సగం దాకా లాగేసుకోగలదు, పెద్దవాళ్లలో అది పదోవంతు దగ్గరే. అన్నంతో పాటు నిమ్మకాయ, ఉసిరికాయ పచ్చడి ఉంటే ఇనుము బాగా అందుతుంది, భోజనం కాగానే టీ తాగితే తక్కువ అందుతుంది. జింకు మాత్రలు నెలల తరబడి మింగడం మాత్రం మంచిది కాదు, రాగి పడిపోతుంది. ‘లోహాలు కడిగేసే’ చికిత్స అని ఎవరైనా చెబితే డాక్టరు దగ్గరకు వెళ్లండి, చికిత్స అమ్మేవాళ్ల దగ్గరకు కాదు.

ఎవరికి పనికొస్తుంది? పద్మనాభం, ఆనందపురం వైపు కూరగాయల రైతులకు అక్కర్లేదు. జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్ లోపాలు తెలియాలంటే భూసార కార్డులో ఆ ఐదూ ఉన్నాయి, రైతు సేవా కేంద్రంలో అడిగితే దారి చెబుతారు. ఆ కార్డులో సీసం, కాడ్మియం మాత్రం ఉండవు. మల్కాపురం, శ్రీహరిపురం, మింది లాంటి ఫ్యాక్టరీల వైపు డాబాల మీదో పెరట్లోనో ఏళ్లుగా ఆకుకూర తింటున్నవాళ్లకు, పాత రంగు పెచ్చులున్న ఇళ్లకు, ఎక్కణ్నుంచి తెచ్చారో తెలియని మట్టి నింపుకున్నవాళ్లకు డబ్బు వసూలైనట్టే. ఎన్‌ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపునిచ్చే సంస్థ) ముద్ర చూసి మురిసిపోకుండా, ఏ పరీక్షలకు గుర్తింపు ఉందో చెప్పే స్కోపు పత్రం అడగండి, గుర్తింపు ఒక్కో పరీక్షకు విడివిడిగా ఉంటుంది. ఈ ల్యాబులో మట్టి, నీరు అందులో ఉన్నాయి. ఆకు పరీక్షల పక్కన చుక్క గుర్తుంది, అంటే అవి లేవు. నిలకడ చూడాలంటే ఒకే మట్టిని రెండు పేర్లతో రెండు కవర్లలో పంపండి. సీసం అంకెలు రెండింటిలో పదిహేను శాతం కన్నా ఎక్కువ తేడా వస్తే మళ్లీ చేయమనండి, అదనంగా డబ్బు తీసుకోకుండానే చేస్తున్నారు.

ఐదుకు మూడు ఇవ్వొచ్చు. పోయిన రెండులో ఒకటి పరిమితి గడికి, ఇంకోటి తేమ శాతానికి. ఫారం కింద ‘ఇతర వివరాలు’ అని రెండు గీతల ఖాళీ ఉంటుంది. అక్కడ ఇలా రాసివ్వండి: ‘ఆకును కడిగి ఒకటి, కడగకుండా ఒకటి వేయండి. ఫలితం పచ్చి బరువు మీద, ఎండు బరువు మీద రెండూ ఇవ్వండి. తేమ శాతం రాయండి. మట్టికి కంపోస్టు పరిమితులు వేయొద్దు.’ రాసిస్తే చేస్తున్నారు. కౌంటరు దగ్గర నోటిమాటగా చెబితే లోపలికి వెళ్లేసరికి మరిచిపోతున్నారు.